“అన్నిటికీ థాంక్యూ దేవా, ఆమేన్” దగ్గర ఆగిపోయిన కుటుంబ ప్రార్థన గురించి

అమ్మా, మీరు అడిగింది ఒక ప్రశ్నలా ఉంది గానీ అందులో రెండున్నాయి. మీ పదమూడేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల బాబు రోజూ రాత్రి కుటుంబ ప్రార్థనలో “అన్నిటికీ థాంక్యూ దేవా, ఆమేన్” అని ఒక్క ఊపిరిలో అప్పజెప్పి లేచిపోతున్నారు, వాళ్లకు నిజమైన కృతజ్ఞత నేర్పేదెలా అన్నది మొదటిది. ఈ ఏడాది అత్తగారు పోయారు, మీవారికి ఎనిమిది నెలలుగా ఉద్యోగం లేదు, ఇప్పుడు దేవుని మేళ్లు తలచుకోమంటే నా నోటికే అబద్ధంలా ఉంది అన్నది రెండోది. దాన్ని ఉత్తరం చివర ఒక్క వాక్యంలో పెట్టేశారు. నాకైతే అదే అసలు ప్రశ్న అనిపించింది. అయినా మీరడిగిన వరసలోనే వెళ్తాను, ఎందుకంటే మొదటిదానికి జవాబు దొరికితే రెండోది కొంత తేలికవుతుంది.

ముప్ఫై ఏళ్లు సండే స్కూల్లో చెప్పాను, ముగ్గురు పిల్లల్ని పెంచాను. ఈ విషయంలో చేయగలిగిన తప్పులన్నీ చేసేశాను, అదే నా అర్హత.

“అన్నిటికీ” అన్న మాటతో మొదలుపెడదాం. అన్నిటికీ వందనాలు అన్నామంటే ఏ ఒక్కటీ గుర్తు చేసుకోలేదని అర్థం. బైబిల్లో కృతజ్ఞత ఎప్పుడూ ఇలా గంపగుత్తగా ఉండదు. 136వ కీర్తన తీయండి. 26 వచనాలు, 26 సార్లు “ఆయన కృప నిరంతరముండును”. చిన్నప్పుడు నాకు ఆ కీర్తనంటే విసుగు, చెప్పిందే చెప్తున్నాడేమిటని. పెద్దయ్యాక చూస్తే తిరిగి తిరిగి వచ్చేది రెండో సగమే. మొదటి సగం ప్రతిసారీ కొత్తది. భూమిని నీళ్లమీద పరిచాడు, సూర్యుణ్ణి పగటికి పెట్టాడు, ఎర్రసముద్రాన్ని పాయలుగా చేశాడు. చివరికి శత్రురాజుల్ని కూడా ఊరికే “శత్రువులు” అనకుండా అమోరీయుల రాజు సీహోను, బాషాను రాజు ఓగు అని పేరుపేరునా చెప్తాడు. పేరుతో చెప్పినదే జ్ఞాపకం.

మా ఇంట్లో ఆదివారం రాత్రి ఇదే పద్ధతి పెట్టుకున్నాం. ఒకరు ఆ వారంలో జరిగిన ఒక్క సంగతి చెప్పాలి, మిగతా అందరం “ఆయన కృప నిరంతరముండును” అనాలి. మొదటి వారం మా చిన్నవాడి వంతు రాగానే నిటారుగా కూర్చుని, “మొన్న పళ్ల డాక్టరు నా పన్ను పీకలేదు” అన్నాడు. మేము గంభీరంగా “ఆయన కృప నిరంతరముండును” అనబోయి సగంలో నవ్వేశాం. మా ఆయనైతే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ప్రార్థనలో ఆ నవ్వులేమిటని ఆ రోజు నేను కసిరాను. ఇప్పుడు తలచుకుంటే, ఎవరూ చెప్పిపెట్టకుండా వాడు సొంతంగా చేసిన మొదటి ప్రార్థన అదే.

వారానికి ఒక్కసారి అన్నాను చూశారా, అది కావాలని అన్నదే. అంతకు ముందు నేనో సీసా పెట్టాను. అందరూ రోజూ ఒక చీటీ రాసి అందులో వేయాలి, ఏడాది చివర తీసి చదువుకోవాలి. చాలామంది ఇది చేయమనే చెప్తారు, మీకూ చెప్పే ఉంటారు. మూడో వారానికల్లా మా రెండోవాడి చీటీలు వరసగా ఏడు “పెన్సిల్ ఇచ్చినందుకు”. తిట్టాను. ఎనిమిదోది “రబ్బరు ఇచ్చినందుకు”. తప్పు వాడిది కాదని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. సోన్యా ల్యూబొమిర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2005లో ప్రచురించిన వ్యాసంలో ఒక పరిశీలన ఉంది. ఆరు వారాలపాటు కొందరు విద్యార్థులు తమకు కలిగిన మేళ్లను వారానికి ఒకసారి రాశారు, కొందరు వారానికి మూడుసార్లు. సంతోషం పెరిగింది ఒకసారి రాసినవాళ్లకే. అది మనసు సంగతి, భక్తి సంగతి కాదు, ఒప్పుకుంటాను. కానీ సీసా ముందు కూర్చుని ఏడుపు మొహం పెట్టిన పిల్లవాడికి నేను చేసిందేమిటో నాకు అర్థమైంది అది చదివాకే. రోజూ ప్రార్థన చేయించండి, మానొద్దు. లెక్క మాత్రం రోజూ అడక్కండి.

ఇక, ముప్ఫై ఏళ్ల తర్వాత నేను గట్టిగా పట్టుకున్నది ఒక్కటే. యెహోషువ 4వ అధ్యాయం. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటాక, గోత్రానికొకరు చొప్పున పన్నెండుమంది నది మధ్యనుంచి పన్నెండు రాళ్లు మోసుకొస్తారు. వాటిని గిల్గాలులో నిలబెడతారు. ఎందుకు? ముందు ముందు మీ పిల్లలు “ఈ రాళ్లేమిటి?” అని అడుగుతారు, అప్పుడు మీరు చెప్పాలి అని. ఇక్కడ అడిగేది పిల్లలు, చెప్పేది పెద్దలు. మన ఇళ్లలో ఇది తలకిందులైంది. మనమే అడుగుతాం, “నాన్నా, ఈ రోజు దేవుడికి దేనికి థాంక్స్ చెప్తావు?” అని. పిల్లలకు అది పరీక్షలో ప్రశ్న. పరీక్షకు వచ్చే జవాబు ఎలా ఉంటుందో తెలిసిందేగా, తప్పు కాకుండా ఉంటే చాలన్నట్టు ఉంటుంది. “అన్నిటికీ” కన్నా క్షేమమైన జవాబు ఏముంది?

కాబట్టి అడగడం తగ్గించి, పిల్లలకు అడగాలనిపించేవి ఇంట్లో పెట్టండి. రాయే కానక్కర్లేదు.

మా రెండోవాడు నెలలు నిండకుండా పుట్టాడు. ఆసుపత్రిలో వాడి చేతికి కట్టిన ప్లాస్టిక్ పట్టీని నా బైబిల్లో 77వ కీర్తన దగ్గర పెట్టుకున్నాను. వాడికి ఆరేళ్లప్పుడు బైబిలు తిరగేస్తుంటే అది జారిపడింది. తీసి వేలికి తొడుక్కున్నాడు. రెండు వేళ్లకు పట్టింది, మూడో వేలు దూరలేదు.

“ఇది ఎవరిది?”

“నీదే.”

“నా చెయ్యి ఇంతేనా?” అని పట్టీని, తన మణికట్టును పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

అప్పుడు చెప్పాను. పంతొమ్మిది రోజులు గాజుపెట్టెలో ఉన్నావు, మొదటి అయిదు రోజులు నిన్ను ఎత్తుకోనివ్వలేదు, రోజూ రాత్రి రెండింటికి ఒక నర్సమ్మ వచ్చి నన్ను లేపి, చక్రాల కుర్చీలో నీ దగ్గరికి తీసుకొచ్చేది, గాజుపెట్టె పక్క కిటికీలోంచి చెయ్యి పెట్టి నీ కాలు ముట్టుకోనిచ్చేది అని. వాడు అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. “ఆ నర్సు పేరేంటి?”

నాకు తెలియదు. ఆ సంగతి మీద సంఘంలో ఎన్నిసార్లు సాక్ష్యం చెప్పానో. మైకు ముందు కన్నీళ్లు పెట్టుకున్నాను. దేవుడు నా బిడ్డను బతికించాడని పదిమందికీ చెప్పాను. కానీ ఆయన ఏ చేతులతో ఆ పని చేయించాడో, ఆ చేతులు గల మనిషి పేరేమిటో అడగలేదు. రోమా పత్రిక చివరి అధ్యాయాన్ని మనం పేర్ల చిట్టా అని దాటేస్తాం కదా, ఫీబే, ప్రిస్కిల్ల, అకుల, ఊర్బాను, రూఫు, ఇంకా రూఫు తల్లి, ఆమె నాకును తల్లి అంటాడు పౌలు. ఆరేళ్ల పిల్లవాడు పట్టీ పట్టుకుని అడిగాక ఆ అధ్యాయాన్ని నేను మళ్లీ చదివాను. అప్పటినుంచి మా ఇంట్లో “దేవుడు ఇచ్చాడు” అన్న ప్రతిసారీ “ఎవరి చేత?” అన్న ప్రశ్న కూడా ఉంటుంది. జవాబు దొరికితే ఆ మనిషికి ఫోనో, రెండు ముక్కల ఉత్తరమో వెళ్లాలి. పిల్లలకు ఇది ప్రార్థన కన్నా త్వరగా వంటబడుతుంది. దేవునికి స్తోత్రాలు చెప్తూ, వడ్డించిన అమ్మకు ఒక్క మాట చెప్పని ఇళ్లు చూశాను. మాదీ కొన్నాళ్లు అలాంటిదే.

భోజనం దగ్గరి ప్రార్థన గురించి ఒక చిన్న మాట. మనం తినేముందు చేస్తాం, యేసు కూడా రొట్టె పట్టుకుని ముందే కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు, బాగానే ఉంది. కానీ ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయం తిని తృప్తి పొందాక స్తుతించమంటుంది. యూదులు ఈనాటికీ భోజనం తర్వాత పెద్ద ప్రార్థన చేసేది ఆ మాటను బట్టే. ఆకలి మీద ఉన్నవాడు దేవుణ్ణి మరవడు, మరిచేది కడుపు నిండినవాడని మోషేకు తెలుసు. అదే అధ్యాయంలో ఎడారిలో గడిపిన నలభై ఏళ్ల మేళ్లు చెప్తూ, మీ బట్టలు పాతబడలేదు, మీ కాళ్లు వాయలేదు అంటాడు. సముద్రం చీలడం అందరికీ గుర్తుంటుంది. వాయని కాలిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? వారంలో ఒక పూట, పళ్లేలు తీయకముందే, “ఈ వారం మనకు ఏం జరగలేదు?” అని మొదలుపెట్టి చూడండి, ముందు మీరే చెప్పండి. జ్వరం రాలేదు, తాళంచెవి పోలేదు, మోటారు పాడవలేదు. మీ ఎనిమిదేళ్లవాడు ఇక ఆగడు, ఆపడమే కష్టమవుతుంది.

మీ అమ్మాయి సంగతి వేరు. పదమూడేళ్ల పిల్లతో అందరి ముందూ పైకి చెప్పించకండి. ఆ వయసులో మనసులో మాట నలుగురి ముందు పెట్టడమంటే సిగ్గు, అది భక్తి లేకపోవడం కాదు. ఇగ్నేషియస్ లయోలా అనే కేథలిక్ గురువు 16వ శతాబ్దంలో నేర్పిన ఆత్మపరిశీలన పద్ధతి ఒకటుంది, మన సంఘాల్లో పెద్దగా తెలియదు గానీ వాడుకోదగ్గది. పడుకునేముందు రోజంతా గంట గంటగా వెనక్కి తిరిగి చూసుకోవడం. అందులో నాకు నచ్చింది వరస. మొదట పొందిన మేళ్లకు కృతజ్ఞత, ఆ తర్వాతే తప్పుల లెక్క. మనం పిల్లల్ని ముందు తప్పులు ఒప్పుకోమని కూర్చోబెడతాం. ఈ పద్ధతి అమ్మాయికి ఒకసారి చెప్పి వదిలేయండి. చేస్తోందా లేదా అని అడగొద్దు.

ఇంకొకటి, ఇది కొంచెం కటువుగా ఉంటుంది. “తిండి లేని పిల్లలు ఎంతమంది ఉన్నారో చూడు, నీకు దేవుడు ఎంత ఇచ్చాడో” అని చెప్పడం మానేయండి. మీరు చెప్తున్నారని కాదు, దాదాపు అందరం చెప్తాం. లూకా 18లో పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని పట్టుదలగా పాటించేవాడు, దేవాలయంలో నిలబడి చేసింది కూడా కృతజ్ఞతా ప్రార్థనే. నేను ఇతరుల్లాంటివాణ్ణి కాను, ఈ పన్నులు వసూలు చేసే సుంకరిలాంటివాణ్ణి కాను, నీకు వందనం అన్నాడు. ఎదుటివాడి లేమిని కొలబద్దగా పెట్టుకున్న కృతజ్ఞత పిల్లవాణ్ణి నెమ్మదిగా అక్కడికే తీసుకెళ్తుంది. లేనివాడు కనిపిస్తే ఇవ్వడం నేర్పండి, పోల్చుకోవడం కాదు. పంటలో తొలిపళ్లు, అంటే ప్రథమఫలాల గంప, తెచ్చినవాడు సొంత పొలం లేని లేవీయుణ్ణి, పరదేశిని కలుపుకుని సంతోషించాలని ధర్మశాస్త్రం చెప్పింది.

ఇప్పుడు మీ చివరి వాక్యానికి వస్తాను.

మా నాన్నగారు పోయిన వారానికి, రాత్రి ప్రార్థనలో మా అమ్మాయి వంతు వచ్చింది. పదకొండేళ్లు దానికి. “ఈ రోజు నేను చెప్పను” అంది. “దేవుడి మీద అలుగుతావా? చెప్పు” అన్నాను. చెప్పింది. తాతయ్యను పరలోకానికి తీసుకెళ్లినందుకు వందనాలు అంది, గోడవైపు చూస్తూ. నేను గెలిచాననుకున్నాను. పెళ్లీడుకొచ్చాక ఒకరోజు మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ అంది, “అమ్మా, ఆ రాత్రి నువ్వు నాతో దేవుడికి అబద్ధం చెప్పించావు.” నేనేం జవాబు చెప్పలేదు. ఉంటే కదా చెప్పడానికి.

“ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి” అని థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో ఉంది. ప్రతి విషయమునందును అంటే ఏ స్థితిలో ఉన్నా అని. చావుకు థాంక్స్ చెప్పమని కాదు. ఎఫెసీ 5:20లో “సమస్తమునుగూర్చి” అని ఉంది కదా అని మిమ్మల్ని ఎవరైనా నిలదీయొచ్చు, నన్నూ నిలదీశారు. నేను వాళ్లను యోహాను 11కు తీసుకెళ్తాను. మార్త, మరియల సోదరుడు లాజరు సమాధి. 35వ వచనంలో యేసు కన్నీళ్లు విడిచాడు. 41వ వచనంలో, అదే సమాధి దగ్గర, తండ్రికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు. మధ్యలో అయిదు వచనాలు. దేనికి చెల్లించాడు? లాజరు చనిపోయినందుకు కాదు. తండ్రి తన మనవి విన్నందుకు. ఏడ్వడం ఆపి వందనాలు చెప్పమని మార్తకుగానీ మరియకుగానీ ఆయన చెప్పలేదు, మరియ ఏడుస్తుంటే తానూ కలవరపడ్డాడు. అది చూశాక 88వ కీర్తన బైబిల్లో ఎందుకుందో కూడా నాకు తెలిసింది. మొదటినుంచి చివరిదాకా మొరే, ముగిసేది చీకటి అన్న మాటతోనే. దాన్ని కీర్తనల్లోంచి ఎవరూ తీసేయలేదు.

కాబట్టి, అత్తగారి పేరెత్తినప్పుడు ఏడుపొస్తే పిల్లల ముందే ఏడవండి. ఆ రాత్రికి అదే ప్రార్థన. కృతజ్ఞత చెప్పాలనిపిస్తే ఆమె పోయినందుకు కాదు, ఆమె ఉన్నందుకు చెప్పండి, అదీ పేరుపెట్టి, పని పెట్టి చెప్పండి.

మీవారి ఉద్యోగం విషయం. ఈ రోజులు గడిచాక, మంచి రోజులొచ్చాక సాక్ష్యం చెప్పుకుందాం అని ఆయన అన్నారని రాశారు. మగవాళ్లు సాధారణంగా అలాగే అంటారు, మా ఆయనా అన్నారు. కానీ దేవుని ఆజ్ఞల పలకలుంచిన మందసం దగ్గర తరతరాలు చూడాలని దాచిన పాత్రలో ఏముందో గుర్తు చేసుకోండి. ఒక ఓమెరు మన్నా, అంటే ఒక మనిషికి ఒక రోజు తిండి. కనానులోని ద్రాక్షగెల కాదు, పాలుతేనెలు కాదు. ఎడారిలో రోజూ తినీ తినీ మొహం మొత్తి, ఈ మన్నా తప్ప మన కంటికి ఇంకేం కనబడదా అని సణిగిన తిండి. జ్ఞాపకంగా దాచమని దేవుడు చెప్పింది దాన్నే. అంటే, మీ ఇంటి ఆనవాలు ఈ ఎనిమిది నెలల్లోంచే రావాలి. అడగకుండా ఫీజు కట్టిన స్నేహితుడెవరో ఉన్నాడన్నారు, ఆ రసీదు పారేయకండి. మీవారు ఇంటర్వ్యూలకు పట్టుకెళ్తున్న ఫైలు ఉంటుంది కదా, ఉద్యోగం వచ్చాక దాన్ని అటక మీదికి ఎక్కించేయకండి. వెనక ఈ నెలల పేర్లు రాసి కింద ఒక్క మాట రాయండి, ఇంతవరకు యెహోవా మనకు సహాయం చేశాడని సమూయేలు ప్రవక్త రాయి నిలబెట్టి అన్నదాంట్లోది, “ఇంతవరకు”. రేపటి సంగతి ఆయన అనలేదు. ఆ రోజుకు తెలిసిందే అన్నాడు. ఉద్యోగం లేని ఇంట్లో అబద్ధం కాకుండా చెప్పగలిగిన మాట అదొక్కటే ఉంటుంది కొన్ని రాత్రులు, అదీ చాలు.

పిల్లలకు ఇంటి పరిస్థితి దాచకండి కూడా. అంకెలు అక్కర్లేదు గానీ, నాన్న వెతుకుతున్నారు, ఇంకా రాలేదు అని ప్రార్థనలో ఆయన నోటితోనే చెప్పనివ్వండి. దాచిన బాధలోంచి పిల్లలు నేర్చుకునేది “అన్నిటికీ థాంక్యూ” అన్న మాటే.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఆదివారం ఒక్క 136వ కీర్తనతో మొదలుపెట్టండి, మూడు నెలలు అదొక్కటే.

ఇంకా ముందు, ఈ వారంలోనే చేయాల్సింది ఒకటుంది. మీ అత్తగారే ఇంట్లో ప్రార్థన నడిపించేవారని, ఆమె బైబిలు బీరువాలో పెట్టి తాళం వేశారని, అందులో వచనాల పక్కన పెన్సిలుతో తేదీలు రాసుకున్నారని మధ్యలో ఎక్కడో రాశారు. చదువుతుంటే నాకు అక్కడే చూపు ఆగింది. అమ్మా, ఇంట్లో పన్నెండు రాళ్లు పెట్టుకుని నన్ను రాళ్లడుగుతున్నారు. ఆ బైబిలు తీసి పిల్లలకు అందే చోట పెట్టండి. కళ్లజోడు అందులోనే ఉందన్నారు, దాన్ని తీయకండి, అలాగే ఉండనివ్వండి. ఎవరూ ఏమీ చెప్పొద్దు. ఏదో ఒక రోజు మీ బాబు ఒక పేజీ తెరిచి, ఈ తేదీన నానమ్మకు ఏమైంది అని అడుగుతాడు. మీవారికి తెలిస్తే ఆయన చెప్తారు. తెలియకపోతే ఆమె తమ్ముడు ఉన్నారు కదా, వెంటనే ఫోన్ కలిపి బాబు చేతికే ఇవ్వండి.